ఖాళీగా వదిలేసిన పార్టోగ్రాఫ్ పేజీకి సంజాయిషీ ఇవ్వండి

హైదరాబాద్

ఆసుపత్రి మేనేజింగ్ డైరెక్టర్ గారికి,

విషయం: ఆధారం నమోదు చేయకుండా చేసిన సిజేరియన్‌పై ఫిర్యాదు

ఆర్యా,

గత నెలలో మీ ఆసుపత్రిలో నాకు తొలి కాన్పు అయింది. ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. నేనూ పాపా క్షేమంగానే ఉన్నాం. ఈ లేఖ బిల్లు గురించి కాదు, అది కట్టేశాం. నా ఫిర్యాదల్లా మీరిచ్చిన కేస్‌షీటు మీదే.

నెలలు నిండి, బిడ్డ తల కిందికే ఉండి, నొప్పులు వాటంతటవే మొదలయ్యాక వచ్చి చేరాను. కౌంటర్లో అడిగిన మొదటి ప్రశ్న, "ముహూర్తం ఏమైనా పెట్టించుకున్నారా?" నొప్పులు పడుతున్న మనిషిని అడగాల్సిన మాటేనా అది? ముహూర్తానికి కోత కోయించుకునేవాళ్లు మనలో ఉన్నారు, కాదనను. అడగనివాళ్లకు కూడా వడ్డించడం దేనికి?

రాత్రి డాక్టరు గారు చూసి, గర్భాశయ ముఖద్వారం తెరుచుకోవడం 4 సెంటీమీటర్ల దగ్గరే ఆగిపోయిందని, ఇక ఆపరేషన్ తప్పదని అన్నారు. మావారి చేత లిఫ్టు దగ్గరే నిలబెట్టి సంతకం చేయించారు. కేస్‌షీటులో కారణం "ప్రసవం ముందుకు సాగలేదు" అని ఉంది. దాని పైనే, చూసిన ప్రతిసారీ బిడ్డ గుండె చప్పుడు మామూలుగా ఉందని నర్సు చేతిరాత. ప్రసవం ఎలా సాగుతోందో ఎప్పటికప్పుడు గుర్తులు పెట్టాల్సిన పార్టోగ్రాఫ్ పేజీలో మాత్రం నా పేరు, వయసు తప్ప ఒక్క చుక్క లేదు. మరి సాగలేదని దేన్ని చూసి తేల్చారు?

ప్రసవంలో చురుకైన దశ 5 సెంటీమీటర్ల నుంచి మొదలవుతుందని, తల్లీబిడ్డా బాగున్నప్పుడు అంతకుముందే తొందరపడి ఆపరేషన్ చేయవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లోనే చెప్పింది. మీ డాక్టరు గారికి వేరే ప్రమాదమేదో కనిపించి ఉండవచ్చు. కనిపిస్తే రాయాలి కదా.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణ ప్రైవేటు ఆసుపత్రుల్లో 81.5 శాతం కాన్పులు సిజేరియన్లే. దేశం మొత్తం మీద ప్రైవేటులో అది 47.4 శాతం. ఇక్కడి ఆడవాళ్ల ఒంట్లోనే ఏదో లోపముందని నమ్మమంటారా?

"సహజ ప్రసవానికే మా ప్రాధాన్యం" అని మీ లాబీలో బోర్డు పెట్టుకున్నారు. అయితే లెక్క చూపండి. గర్భిణులను పది వర్గాలుగా విడదీసి ఏ వర్గంలో ఎన్ని ఆపరేషన్లు జరిగాయో చూసే రాబ్సన్ వర్గీకరణ ఉంది. తొలి కాన్పు, కడుపులో ఒకే బిడ్డ, నెలలు నిండి, తల కిందికే ఉండి, నొప్పులు వాటంతటవే వచ్చినవాళ్లు అందులో మొదటి వర్గం; నేనూ అందులోనే వస్తాను. ఆ వర్గంలో మీ ఆసుపత్రి శాతమెంత? అత్యవసరం కానప్పుడు కోతకు ముందు రెండో డాక్టరు అభిప్రాయం తీసుకునే పద్ధతి మీకుందా? జరిగిన ఆపరేషన్లను తర్వాత ఎవరైనా కూర్చుని సమీక్షిస్తారా? కాలిఫోర్నియాలో ఆసుపత్రులు ఇలాంటి లెక్కలు ముందు పెట్టుకుని పనిచేసి, ప్రమాదం తక్కువగా ఉన్న తొలి కాన్పుల్లో సిజేరియన్లను 2014లోని 26 శాతం నుంచి 2019 నాటికి 22.8 శాతానికి తగ్గించాయి. పసిబిడ్డలకు దానివల్ల హాని పెరగలేదు.

నా కేసును ఆ ఆపరేషన్‌తో సంబంధం లేని ప్రసూతి నిపుణుల చేత సమీక్ష చేయించి, ఈ ప్రశ్నలన్నిటికీ 30 రోజుల్లో రాతపూర్వకంగా జవాబివ్వండి. ఫోను చేసి "మీ అభిప్రాయం మాకెంతో విలువైనది" అంటే కుదరదు. జవాబు రాకపోతే ఇవే కాగితాలతో జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళతాను.

ఇట్లు,
మీ ఆసుపత్రిలో ప్రసవించిన తల్లి

జతపరచినవి: కేస్‌షీటు, డిశ్చార్జి పత్రం నకళ్లు