వన్ ఆఫ్ తర్వాత

గుంటూరు,
ఆదివారం

చిరంజీవి సింధుకు నాన్న ఆశీర్వదించి రాయునది,

మేమంతా క్షేమం. నువ్వు వాట్సాప్‌లో పంపిన ఉద్యోగం అప్లికేషన్ మీ అమ్మకు చదివి వినిపించాను, తెగ మురిసిపోయింది. నాకు మాత్రం రెండో లైనులోనే పంటికింద రాయి తగిలింది. ‘ఐ యామ్ వన్ ఆఫ్ ద బెస్ట్ స్టూడెంట్ ఇన్ మై బ్యాచ్’ అట. స్టూడెంట్ కాదమ్మా, స్టూడెంట్స్. ఫోన్‌లో చెప్తే ‘సరే నాన్నా’ అని పెట్టేస్తావు, అందుకే ఈ ఉత్తరం.

ఈ ఒక్క ఎస్ మీద నాకెందుకింత పట్టింపో చెప్తాను. మిర్చి యార్డులో గుమాస్తాగా చేరిన కొత్తల్లో పొరుగూరి వ్యాపారికి మూడు లాట్లు తేజ రకం మిరపకాయలు పంపాం. లారీ వెళ్లాక తెలిసింది, అందులో ఒక లాటు మొత్తం తేమగా ఉందని. ‘వన్ ఆఫ్ ద లాట్ ఈజ్ వెట్’ అని ఫ్యాక్స్ కొట్టాను. ఏదో ఒక టిక్కీ, అంటే లాటులోని ఒక్క బస్తా, తడిసింది కాబోలనుకుని ఆయన ఒక్కటే ఏరి పక్కన పెట్టి, మిగతావన్నీ గోడౌన్లో పేర్పించాడు. పది రోజులకల్లా బూజు. ఆ నెల నా జీతంలో కోత పడింది. లాట్ కాదు, లాట్స్ అని రాసుంటే బతికిపోయేవాడిని.

ఇంతకీ ఈ తప్పు మనకెందుకు వస్తుందంటావ్? తెలుగులో ముందు గుంపు చెప్పి, తర్వాత అందులోంచి ఒకరిని తీస్తాం. ‘మా ఫ్రెండ్స్‌లో ఒకడు వచ్చాడు’ అంటాం. ‘ఫ్రెండులో ఒకడు’ అని ఎవడూ అనడు. ఇంగ్లీషులో ‘వన్’ ముందే వచ్చేస్తుంది, దాంతో మనసు అక్కడే ఆగిపోయి గుంపుని మరిచిపోతుంది. కాబట్టి రాసేముందు ఒకసారి తెలుగులో అనుకో. ‘ఆసియాలోని పెద్ద మిర్చి మార్కెట్లలో మన యార్డు ఒకటి.’ మార్కెట్లు బహువచనం, అక్కడ ఎస్ పడాల్సిందే. ‘ఒకడు వచ్చాడు’ అన్నట్టే క్రియ ఏకవచనం: ‘వన్ ఆఫ్ మై ఫ్రెండ్స్ ఈజ్ కమింగ్’. ‘ఆర్’ కాదు.

మధ్యలో ‘హూ’ వస్తే మాత్రం తెలుగు సాయం చేయదు. ‘వన్ ఆఫ్ ద గర్ల్స్ హూ నో (know) కోడింగ్’. కోడింగ్ తెలిసింది ఆ అమ్మాయిలందరికీ, అందుకని ‘నో’. అక్కడ ‘నోస్’ అని రాసేవాళ్లూ ఉన్నారు. నువ్వు ‘నో’ అనే రాయి.

అన్నట్టు, నీకున్నది ఒక్క అక్కే. ‘వన్ ఆఫ్ మై సిస్టర్స్’ అని ఎక్కడా రాయకు, ఆ రెండోది ఎక్కడుందని మీ అమ్మ నన్ను నిలదీస్తుంది.

గోంగూర పచ్చడి, కందిపొడి రేపు బస్సులో వేస్తున్నాను. అప్లికేషన్ దిద్ది మళ్లీ పంపు.

ఇట్లు,
మీ నాన్న