నీ ముప్పై ఒక్క చోట్ల జాబితా చదివాక

చిట్టితల్లికి,

అమ్మ ఆశీస్సులు. లండన్‌లో మనం గడపబోయే ఆరు రోజులకు నువ్వు వేసి పంపిన ప్రణాళిక నిన్న సాయంత్రం అందింది. నేను ఒకసారి, మీ నాన్నగారు ఒకసారి, ఆ తర్వాత ఇద్దరం కలిసి మరోసారి చదివాం. ముప్పై ఒక్క చోట్లు, ఏది ఎన్నింటికి తెరుస్తారో, దేనికి ఏ స్టేషన్‌లో దిగాలో, అన్నీ పొల్లు పోకుండా రాశావు. హాస్టల్లో పొద్దుపోయాక కూర్చుని రాసినట్టున్నావు, చివరి పేజీకి వచ్చేసరికి నీ అక్షరాలు పక్కకు వాలిపోయాయి. ఇంత శ్రద్ధ పెట్టినందుకు మా ఇద్దరికీ చాలా సంతోషంగా ఉంది.

అయితే ఆ జాబితాలో సగానికి పైగా తీసేయమని అడగడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను. ఏవి ఉంచాలో, ఏవి తీసేయాలో నిర్ణయించేది నేను కాదు, నువ్వూ తమ్ముడూ. ఎందుకు తీసేయమంటున్నానో మాత్రం నేను చెప్పాలి.

నాలుగేళ్ల కిందటి మన ప్రయాణం నీకు గుర్తుండే ఉంటుంది. అప్పుడు నీకు పదమూడేళ్లు. మూడో రోజు మధ్యాహ్నం, అప్పటికే రెండు చోట్లు చూసి మూడోదైన మ్యూజియం దగ్గరికి వచ్చేసరికి నువ్వు మెట్ల మీద కూర్చుండిపోయి, "నేను రాను, మీరు వెళ్లి రండి" అన్నావు. టికెట్లు కొనేశాం, ఇంకాసేపట్లో లోపలికి పంపడం ఆపేస్తారు, నలుగురిలో ఈ మొండితనమేమిటని నేను గట్టిగానే కోప్పడ్డాను. నువ్వు మారు మాట్లాడకుండా లేచి వచ్చావు. ఆ రాత్రి గదిలో నువ్వు బూట్లు విప్పుతుంటే చూశాను. కుడి మడమ మీద బొబ్బ చితికి, మేజోడు దానికి అంటుకుపోయి ఉంది. మధ్యలో నువ్వు మడిచి పెట్టుకున్న టిష్యూ కాగితం ఎర్రగా ఎండి అట్టకట్టింది. గోరువెచ్చని నీళ్లతో తడిపి తడిపి దాన్ని ఊడదీయడానికి పావుగంట పట్టింది. అంతసేపూ నువ్వు పెదవి బిగపట్టుకుని కూర్చున్నావే తప్ప ఒక్క మాట అనలేదు. ఆ మ్యూజియంలో ఏం చూశామో ఈ రోజు నాకు ఒక్కటీ గుర్తు లేదు, ఆ మేజోడు మాత్రం గుర్తుంది. ఎందుకు కూర్చున్నావని ఒక్క మాట అడగకుండా కోప్పడ్డాను. అది నా తప్పేనని నీకు ఎప్పుడూ చెప్పలేదు, ఇప్పుడు చెబుతున్నాను.

నీ ప్రణాళికలో రెండో రోజు చదువుతుంటే, ఆనాడు నా చేతిలో ఉన్న కాగితమే మళ్లీ కళ్ల ముందు కనిపించింది. పొద్దున నేచురల్ హిస్టరీ మ్యూజియం, మధ్యాహ్నం గ్రీనిచ్, సాయంత్రం కామ్‌డెన్ మార్కెట్ అని రాశావు. మొదటిది నగరానికి పడమట, రెండోది ఆగ్నేయాన, మూడోది ఉత్తరాన ఉన్నాయి. నువ్వు అండర్‌గ్రౌండ్ రైళ్ల పటం ముందు పెట్టుకుని ఈ ప్రణాళిక వేశావని నా అనుమానం. ఆ పటం రైలు మారడానికి పనికొస్తుంది కానీ దూరాలు కొలవడానికి పనికిరాదు. హ్యారీ బెక్ అనే ఆయన గీయగా 1933లో అచ్చయిన పటం నుంచీ అది అలాగే ఉంది: గీతలన్నీ నిలువుగానో అడ్డంగానో ఏటవాలుగానో సాగుతాయి, నగరం నడిబొడ్డు సాగదీసినట్టు పెద్దదిగానూ శివార్లు దగ్గరికి జరిపినట్టు చిన్నవిగానూ కనిపిస్తాయి. లెస్టర్ స్క్వేర్, కోవెంట్ గార్డెన్ స్టేషన్ల మధ్య దూరం సుమారు 260 మీటర్లే. అక్కడ రైలు కోసం కిందికి దిగి పైకి ఎక్కేలోపు నడిచి చేరుకోవచ్చు. కాబట్టి మామూలు వీధుల పటం తీసుకుని, నీ ముప్పై ఒక్క చోట్లకూ దాని మీద చుక్కలు పెట్టు. అవి ఐదారు గుంపులుగా వాటంతట అవే విడిపోతాయి. ఒక రోజుకు ఒక గుంపు, ఆ గుంపులో ఒక్క చోటు ఖాయం. మిగిలినవి ఓపిక ఉంటే చూద్దాం, లేకపోతే లేదు. నేను అడిగేది ఇంతే.

అన్నీ చూడకపోతే అంత దూరం వెళ్లి ఏం లాభమని నువ్వు అంటావని తెలుసు. బ్రిటిష్ మ్యూజియం సంగతే చూడు. అందులో ఉన్న వస్తువులు సుమారు 80 లక్షలు, ప్రదర్శనలో పెట్టినవి వాటిలో దాదాపు ఒక్క శాతం. ఆ ఒక్క శాతమైనా ఒక రోజులో ఎవరూ చూడలేరు. దానికి టికెట్ లేదు కాబట్టి గంటసేపు చూసి బయటికి వచ్చేసినా డబ్బు పోయిందన్న బాధ ఉండదు, మర్నాడు మళ్లీ వెళ్లినా ఎవరూ కాదనరు. నేషనల్ గ్యాలరీ, నేచురల్ హిస్టరీ మ్యూజియం, సైన్స్ మ్యూజియం కూడా అంతే. టవర్ ఆఫ్ లండన్ అనే పాత కోటకు మాత్రం టికెట్ ఎక్కువే. అక్కడ కిరీటాలూ ఆభరణాలూ ఉన్న గది ముందు పొద్దెక్కే కొద్దీ వరుస పెరిగిపోతుంది కనుక ఆ ఒక్క రోజు మాత్రం తలుపులు తెరిచే వేళకు మీ ఇద్దరినీ లేపుతాను. తక్కిన రోజుల్లో పదిన్నర దాకా మిమ్మల్ని పిలవను. మీ వయసులో నిద్ర తెప్పించే మెలటోనిన్ రాత్రి ఆలస్యంగా విడుదలవుతుందని, పొద్దున లేవలేకపోవడం బద్ధకం కాదని చదివాక, సెలవుల్లో మిమ్మల్ని లేపడానికి నేను పడిన పాట్లన్నీ అనవసరమనిపించింది. మీరు లేచేలోపు నేనూ మీ నాన్నగారూ హైడ్ పార్కులో నడిచి వస్తాం. మనం వెళ్లేది జూన్ చివర్లో కాబట్టి రాత్రి తొమ్మిది దాటాకే సూర్యుడు అస్తమిస్తాడు, ఆలస్యంగా బయలుదేరినా పొద్దు చాలదన్న బెంగ ఉండదు.

గదుల విషయం మీ నాన్నగారు చూసుకుంటున్నారు. నలుగురికీ ఒకే గది అంటే అది చిన్నపిల్లలున్న కుటుంబాలకు సరిపోతుంది కానీ మనకు కాదు, కాబట్టి పక్కపక్కన రెండు గదులు తీసుకుంటున్నాం. టవర్ లాంటి చోట్ల పిల్లల టికెట్ పదిహేనేళ్ల వరకే వర్తిస్తుంది. మీ ఇద్దరికీ పదహారు నిండాయి కనుక అది మీకు వర్తించదు. వయసు చూపించే కార్డులు మాత్రం దగ్గర ఉంచుకోవాలి.

మొదటి రోజు గ్రీనిచ్ పెట్టమని నా సలహా. ప్రయాణపు అలసటలో గోడల మధ్య తిరగడం కంటే ఆరుబయట ఉండడం మేలు, పైగా అక్కడికి థేమ్స్ నది మీద పడవలో వెళ్లవచ్చు. నక్షత్రాలను గమనించే అక్కడి వేధశాలను 1675లో స్థాపించారు. ప్రపంచ దేశాలు ఏ రేఖ నుంచి రేఖాంశాలు లెక్కపెట్టాలో 1884లో నిర్ణయించుకున్నప్పుడు ఎంచుకున్నది అక్కడి గీతనే. దాని మీద అటొక కాలు, ఇటొక కాలు వేసి ఫొటో తీయించుకోవడం తమ్ముడి కోరిక. నాకు మాత్రం దానికన్నా ఆ భవనం కొప్పున ఉన్న ఎర్రని బంతిని చూడాలని ఉంది. మధ్యాహ్నం ఒంటిగంటకు ఐదు నిమిషాల ముందు అది కమ్మీ మీద సగం దాకా లేస్తుంది, రెండు నిమిషాల ముందు కొసకు చేరుతుంది, సరిగ్గా ఒంటిగంటకు కిందికి జారుతుంది. నదిలో ఉన్న ఓడలవాళ్లు దాన్ని చూసి గడియారాలు సరిచేసుకోవడం కోసం 1833లో ఈ ఏర్పాటు చేశారు. గాలి మరీ ఎక్కువగా ఉంటే బంతిని లేపరట, కాబట్టి ఆ భాగ్యం ఉందో లేదో అక్కడికి వెళ్లాకే తెలుస్తుంది. తిరిగి వచ్చేటప్పుడు నది అడుగున ఉన్న నడక సొరంగంలోంచి అవతలి ఒడ్డుకు చేరాలని మీ నాన్నగారు అడుగుతున్నారు. 1902లో తెరిచిన ఆ సొరంగం పొడవు 370 మీటర్లు. రోజుకొక చోటు ఖాయమన్నాం కదా, ఆ రోజుది ఆయనకు ఇచ్చేద్దాం.

తమ్ముడికి సౌత్ కెన్సింగ్టన్ రోజు. నేచురల్ హిస్టరీ మ్యూజియం నడిమి హాలులో 25 మీటర్ల నీలి తిమింగలం అస్థిపంజరం వేలాడుతుంది, పక్కనే ఉన్న సైన్స్ మ్యూజియంలో 1814 ప్రాంతంలో తయారైన పఫింగ్ బిల్లీ ఆవిరి ఇంజను ఉంది. ఆ ఇంజను ముందు వాడు ఎంతసేపు నిలబడినా నువ్వు తొందరపెట్టవద్దు.

నీ రోజు శుక్రవారం. హోల్బైన్ 1533లో గీసిన రాయబారుల చిత్రం గురించి నువ్వు అరపేజీ రాశావు. ఆ జాబితా మొత్తంలో నేను రెండుసార్లు చదువుకున్న చోటు అదే. ఇద్దరు మనుషులు, మధ్యలో గోళాలూ పుస్తకాలూ తెగిన తీగ ఉన్న వీణలాంటి వాద్యం, వాళ్ల కాళ్ల దగ్గర నేల మీద ఏదో పులిమినట్టున్న వంకర ఆకారం. ఎదురుగా నిలబడితే అదేమిటో అర్థం కాదు. చిత్రానికి కుడి పక్కకు జరిగి గోడకు దగ్గరగా వచ్చి ఏటవాలుగా చూస్తే ఆ మరక పుర్రెగా మారుతుందని రాశావు. ఆ ఇద్దరి వయసులూ చిత్రంలోనే రాసి ఉన్నాయి, ఒకరికి 29, ఇంకొకరికి 25. నువ్వు ఆ మూలకు జరిగి చూస్తున్నప్పుడు నీ పక్కన నేను ఉండాలని నా కోరిక. ఆ చిత్రం ఉన్న నేషనల్ గ్యాలరీ శుక్రవారాల్లో రాత్రి తొమ్మిది దాకా తెరిచి ఉంటుంది. ఆ రోజు మధ్యాహ్నం గదిలో విశ్రాంతి తీసుకుని ఆరింటికి వెళ్దాం. నీకు నచ్చిన మూడు నాలుగు చిత్రాల దగ్గరే ఉందాం, మిగతా గదులు అలా దాటిపోతే నష్టమేమీ లేదు.

ఇక నువ్వు ఆఖరి పేజీలో చిన్న అక్షరాలతో అడిగిన విషయం. మీ ఇద్దరూ ఒక పూట మమ్మల్ని వదిలి తిరుగుతామన్నారు. ఈ మాట చదివాక మీ నాన్నగారు కాసేపు ఏమీ అనలేదు, నేనూ వెంటనే ఒప్పుకోలేదు. రాత్రంతా ఆలోచించుకుని, గురువారం పదకొండు నుంచి నాలుగు దాకా మీదేనని ఇద్దరం నిర్ణయించాం. కామ్‌డెన్‌కు వెళ్తారో ఇంకెక్కడికి వెళ్తారో మీ ఇష్టం. ఎక్కడున్నారో ఫోన్‌లో మాకు కనిపించేలా పెట్టి, మరో చోటికి బయలుదేరేటప్పుడు ఒక్క ముక్క రాస్తే చాలు. ఆ రోజు భోజనానికి, చిన్నచిన్న కొనుగోళ్లకు కావలసిన పౌండ్లు నీ కార్డులో వేస్తాం, లెక్క అడగం.

కొన్ని జాగ్రత్తలు మాత్రం అక్షరాలా పాటించాలి. రైలు గేటు దగ్గర ఎవరి కార్డు వాళ్లే తాకించాలి, ఇద్దరికీ ఒక్కటే పనికిరాదు. ఎక్కేటప్పుడు ఏ కార్డు తాకించారో దిగేటప్పుడూ అదే తాకించాలి, లేకపోతే ఛార్జీ ఎక్కువ పడుతుంది. బస్సులో ఎక్కేటప్పుడు తాకిస్తే చాలు, అక్కడ నగదు తీసుకోరు. ఒకరు ఎక్కాక తలుపులు మూసుకుపోయి ఇంకొకరు ప్లాట్‌ఫారం మీద ఉండిపోతే, ఎక్కినవాళ్లు తర్వాతి స్టేషన్‌లో దిగి అక్కడే నిలబడాలి, వెనక ఉన్నవాళ్లు తర్వాతి రైలులో అక్కడికి చేరాలి. ఇద్దరూ ఒకరినొకరు వెతుక్కుంటూ ఎదురెదురు దిక్కులకు వెళ్లడమే అసలు ప్రమాదం. ఒకే ప్లాట్‌ఫారం మీదికి వేర్వేరు దారుల రైళ్లు వచ్చే స్టేషన్లు ఉన్నాయి కాబట్టి ఎక్కే ముందు బోర్డు చదవండి. భూమి లోపల అన్ని చోట్లా సిగ్నల్ అందదు కనుక ఈ సంగతి ముందే మాట్లాడుకుని ఉండాలి. వీధిలో పటం చూడాలంటే రోడ్డు అంచున నిలబడి ఫోన్ తీయవద్దు, సైకిళ్ల మీద వచ్చి చేతిలోంచి లాక్కుపోయే దొంగలు ఆ నగరంలో ఉన్నారు. గోడకు వీపు ఆనించి నిలబడి చూసుకుని, ఫోన్ లోపల పెట్టాకే నడవండి. ఆపద వస్తే 999.

నాలుగింటికి కలుసుకునే చోటు కూడా అనుకుందాం. స్టేషన్ బయట అంటే కుదరదు, ఒక్కో స్టేషన్‌కు నాలుగైదు దారులుంటాయి. ట్రఫాల్గర్ స్క్వేర్‌లో సింహం దగ్గర అని నువ్వు రాశావు కానీ అక్కడ సింహాలు నాలుగున్నాయి. నేషనల్ గ్యాలరీ ముందు స్తంభాల వసారా ఉంది చూడు, దాని కింద ఉంటాం. ఐదు నిమిషాలు ఆలస్యమైతే కంగారుపడం, అరగంట దాటితే ఫోన్ చేస్తాం.

వచ్చే ఆదివారం లోపు నువ్వూ తమ్ముడూ మాట్లాడుకుని మీ ఆరు ఖాయాలు రాసి పంపండి. టవర్ టికెట్లు అది చూశాకే కొంటాం. ఇంకొక్క మాట. బూట్లు ఈ వారంలోనే కొనుక్కో, డబ్బు పంపుతున్నాను. రోజూ హాస్టల్ నుంచి తరగతికి వాటితోనే నడువు, ఎక్కడైనా ఒరుసుకుంటే మార్చుకోవడానికి ఇంకా నెల గడువుంది.

ఇట్లు,
మీ అమ్మ