బ్రిడ్జి కింద దూరిన నీ కవరు

ఒరేయ్ సూరీ,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలు దాటింది. ఇన్నాళ్లూ జవాబు రాయనందుకు క్షమించు. మూడుసార్లు కాగితం తీశాను, మూడుసార్లూ "ఇక్కడ అందరం క్షేమం" దగ్గరే ఆగిపోయాను. ఈ రోజు అలా ఆగను. నీకు చెప్పకపోతే నిద్ర పట్టని సంగతి ఒకటుంది.

ముందు ఇంటి కబుర్లు గబగబా చెప్పేస్తాను. అమ్మకు కంటి ఆపరేషన్ అయింది, ఇప్పుడు బాగా కనబడుతోంది. అన్నయ్య బదిలీ ఆగిపోయింది. నా ఉద్యోగం ఎప్పటిలాగే ఉంది. గొడుగు సంగతి ఇంకా ఎవరికీ తెలియదు, నువ్వూ నోరు విప్పకు. అంతే.

ఇక అసలు విషయం. నా గిటారు బతికింది!

అయిదు నెలల క్రితం పాత గిటారు ఒకటి కొన్నానని రాశాను, గుర్తుందా? అప్పటి నుంచి రోజూ గంటసేపు సాధన చేశాను. వేళ్ల కొసలు మండిపోయేవి. కొత్తలో అందరికీ ఇంతే, కాయలు కాస్తే నొప్పి పోతుందన్నారు. కాయలు కాశాయి, నొప్పి పోలేదు. మొదటి రెండు మూడు మెట్ల దగ్గర ఎలాగో నొక్కగలిగేవాణ్ణి. (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీలు, ఫ్రెట్లు. వాటిని నేను మెట్లనే అంటాను, ఆ మాటే నాకు నచ్చింది.) పైకి వెళ్లేకొద్దీ తీగకీ మెట్టుకీ మధ్య ఎడం పెరిగిపోయేది. పట్టుబట్టి నొక్కితే తీగ సాగి, స్వరం ఉండాల్సిన చోటు కంటే పైకి పోయేది. చూపుడు వేలు ఆరు తీగల మీదా అడ్డంగా వేసి పట్టే ఎఫ్ కార్డు (కార్డు అంటే కలిసి పలికే స్వరాల గుంపు) ఒక్కసారి కూడా పలకలేదు. నీకు మాత్రమే చెబుతున్నాను, ఒక రాత్రి, సంగీతం నాకు రాసిపెట్టి లేదనుకుని గిటారును సంచిలో పెట్టి బీరువా పైకి ఎక్కించేశాను. పన్నెండు రోజులు దించలేదు.

పదమూడో రోజు నీ ఉత్తరం మళ్లీ చదువుతున్నాను. "ఇంతకీ గిటారు ఎలా ఉంది? నేనూ ఒకటి కొందామనుకుంటున్నాను" అని రాశావే, ఆ చోట ఆగలేక దాన్ని కిందికి దించాను. కిటికీ వెలుగులో చూస్తే బ్రిడ్జి వెనక అంచున సన్నని చీకటి గీత కనబడింది. బ్రిడ్జి అంటే తీగల కింది కొసలను పట్టి ఉంచే చెక్క, గిటారు పై పలకకు జిగురుతో అంటించి ఉంటుంది. చేతిలో ఉన్న నీ కవరు మూల ఆ గీతలోకి దూర్చి చూశాను. దూరింది రా! గుండె జారిపోయింది.

గిటార్లు బాగుచేసే పెద్దాయన దగ్గరికి పరుగెత్తాను. ఆయన దాన్ని వాయించి చూడలేదు, నన్ను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. తీగలు బిగించే బిరడాలు తిప్పి ముందు ఆరు తీగలూ వదులు చేశాడు. ఆ తరువాత, "ఇది మోయాల్సిన బరువు కాదు బాబూ ఇది" అన్నాడు.

సంగతేమిటంటే నాది నైలాన్ తీగల కోసం చేసిన క్లాసికల్ గిటారు. నాకంటే ముందు ఎవరో దానికి స్టీలు తీగలు బిగించారు. బహుశా మోత గట్టిగా ఉండాలనేమో. శ్రుతికి బిగించిన ఆరు నైలాన్ తీగలు కలిసి సుమారు 40 కిలోల బలంతో లాగుతాయట. అదే స్టీలు తీగలైతే, సన్నరకమే అయినా, సుమారు 70 కిలోలు ఉంటుంది. ఆ లాగుడంతా రాత్రింబవళ్లు పడేది మూడు మిల్లీమీటర్ల మందం కూడా లేని పలక మీద! నేను సాధన చేసిన ఆ అయిదు నెలలూ బ్రిడ్జి కొంచెం కొంచెంగా లేచిపోతూనే ఉందన్నమాట. ఆ మాట విన్నప్పుడు కడుపు తరుక్కుపోయింది. నా వేళ్లు బలహీనమైనవని అనుకున్నాను గాని, గిటారూ నాతోపాటు నొప్పి పడుతోందని ఊహించలేదు.

మరి అంత పల్చని పలక ఎందుకని అడిగాను. ఆయన ఒక తీగను గాలిలో లాగి పట్టుకుని మీటి చూపించాడు. వినీ వినబడనట్టు పలికింది. తీగ ఒంటరిగా గాలిని పెద్దగా కదిలించలేదు. దాని కదలిక శాడిల్ అనే సన్నని పట్టీ మీదుగా బ్రిడ్జిలోకీ, అక్కడి నుంచి పై పలకలోకీ పోతుంది. పలక ఊగితేనే మనకు నాదం. అందుకే దాన్ని తేలికైన స్ప్రూస్ చెక్కతోనో సెడార్ చెక్కతోనో పల్చగా చేస్తారు. పల్చన కాబట్టి విరగకుండా లోపలి వైపు సన్నని కర్రలు అంటిస్తారు. చిన్న అద్దం లోపలికి పెట్టి నాకు చూపించాడు. నా గిటారులో అవి విసనకర్ర పుల్లల్లా పరుచుకుని ఉన్నాయి. 19వ శతాబ్దంలో స్పెయిన్‌లో గిటార్లు చేసే ఆంటోనియో డి టోరెస్ మెరుగుపెట్టి స్థిరపరిచిన పద్ధతి అది. స్టీలు తీగల గిటార్లలో గుణకారం గుర్తులా రెండు కర్రలు అడ్డంగా దాటుకుంటాయి. అమెరికాలో మార్టిన్ కంపెనీ గిటార్లకు 1840లలోనే ఆ అమరిక వచ్చింది. చిత్రమేమిటంటే అప్పటికి వాటికి కట్టేవి పేగు తీగలే! స్టీలు తీగలు మామూలైంది చాలా ఏళ్ల తరువాత. నైలాన్ తీగలు రెండో ప్రపంచ యుద్ధం తరువాతే వచ్చాయి. పేరుమోసిన గిటారు వాద్యకారుడు ఆండ్రెస్ సెగోవియా వాటిని వాయించడం, న్యూయార్క్‌లో ఆల్బర్ట్ అగస్టీన్ తయారుచేయడం... ఇది రాస్తూపోతే కాగితం చాలదు.

బ్రిడ్జిని పూర్తిగా ఊడదీసి, పాత జిగురంతా గీకి, కొత్తగా అంటించి బిగింపులు వేశాడు. రెండు రాత్రులు అలాగే ఉంచాడు. ఆ రెండు రాత్రులూ నాకు నిద్ర లేదు. మనం ఫలితాల కోసం మేడమీద కూర్చుని తెల్లవార్చామే, అలాగే గడిచింది. ఈసారి పక్కన నువ్వు లేవు.

మూడో రోజు నైలాన్ తీగలు నా చేతే కట్టించాడు. శ్రుతి కూడా నన్నే చేయమన్నాడు. లావు తీగ నుంచి సన్న తీగ దాకా ఇ, ఎ, డి, జి, బి, ఇ. ఒక తీగను అయిదో మెట్టు దగ్గర నొక్కితే వచ్చే స్వరమే దాని కింది సన్నపాటి తీగ ఉత్తదిగా పలకాలి. జి తీగ దగ్గర మాత్రం నాలుగో మెట్టు. కట్టిన పది నిమిషాలకే మళ్లీ దిగిపోయింది. కంగారుపడితే, నైలాన్ కొన్నాళ్లు సాగుతూనే ఉంటుంది, ఓపిగ్గా కలుపుతూ ఉండు అన్నాడు.

తరువాత మీటాను. సూరీ, అది నేను అయిదు నెలలుగా విన్న గిటారు కాదు. గుండ్రంగా, మెత్తగా, పొట్ట లోపలి నుంచి వచ్చే గొంతు. నా ఛాతీకి ఆనించుకున్నాను కదా, ఆ వణుకు నాలోకి వచ్చింది. నీ భాషలో చెప్పాలంటే, "తాబేలు లేచింది." కళ్లు తడిశాయి, దాచుకోలేదు.

నువ్వు కొంటానన్నావు కాబట్టి ఇది మాత్రం శ్రద్ధగా చదువు. ముందు సన్నని మూడు తీగలు చూడు. చేపలు పట్టే తాడులా ఉంటే నైలాన్, లోహంలా మెరిస్తే స్టీలు. లావు మూడింటిని చూసి మోసపోకు, నైలాన్ వాటికి కూడా పైన లోహపు చుట్టే ఉంటుంది. తరువాత బ్రిడ్జి చూడు. తీగలు ముడివేసి ఉంటే నైలాన్ గిటారు, చిన్న మేకుల్లాంటి పిన్నులు దిగి ఉంటే దాదాపుగా స్టీలుదే. ఈ రెండూ పొసగకపోతే కొనకు. మెడ వెడల్పు కూడా చెబుతుంది. నట్ (మెడ పైకొసన తీగలు ఆనే పట్టీ) దగ్గర క్లాసికల్‌ది సుమారు 52 మిల్లీమీటర్లు, స్టీలుది 43, 44. ఏది మంచిదంటే, నువ్వు ఏ వాయింపు విని పరవశిస్తావో ఆ తీగలదే కొను. నైలాన్ సులువని అదే కొనాలనేం లేదు.

ఇంకొకటి. పన్నెండో మెట్టు తీగ పొడవుకు దాదాపు సగంలో ఉంటుంది. అక్కడ తీగను వేలితో ఊరికే తాకి మీటు, తరువాత అక్కడే నొక్కి మీటు. రెండూ ఒకే స్వరం కావాలి. నొక్కినప్పుడు పైకి పోతుంటే ఏదో తేడా ఉన్నట్టే. నాకు మొదటి రోజే ఈ ఒక్క పరీక్ష ఎవరైనా చెప్పి ఉంటే...

అయ్యో, ఎఫ్ సంగతి చెప్పనేలేదు! పలికింది రా, నిన్న రాత్రి, ఆరు తీగలూ! బొటనవేలు మెడ వెనక ఎక్కడ పెట్టాలో ఆ పెద్దాయన చూపించిన... అన్నయ్య చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు. ఈ ఉత్తరం డబ్బాలో వేసేది తనే. మిగతాది రేపు రాస్తాను.

నీ
చిన్నా