హార్మోన్ ఇంజెక్షన్ ఇచ్చే ముందే ఈ సంగతులు చెప్పండి

సంపాదకుల వారికి,

మీ ఆరోగ్య పేజీలో ప్రొస్టేట్ క్యాన్సర్ మీద వచ్చిన వ్యాసం చదివాను. పరీక్షలు, ఆపరేషన్, రేడియేషన్ గురించి వివరంగా రాశారు. హార్మోన్ చికిత్స దగ్గరకొచ్చేసరికి 'కొన్ని దుష్ప్రభావాలు ఉండవచ్చు' అని సరిపెట్టారు. ఆ 'కొన్ని'తో కాపురం చేస్తున్నవాణ్ణి కాబట్టి రాస్తున్నాను.

నాకు డెబ్బై దాటాయి. ఆర్టీసీ డ్రైవరుగా రిటైరయ్యాను. జబ్బు ఎముకలకు పాకిందని తేలాక మూడు నెలలకోసారి ఇంజెక్షన్ వేయించుకుంటున్నాను. మగ హార్మోన్‌ను ఆపితే ఈ క్యాన్సర్ అణుగుతుందని 1941లోనే చూపించిన చార్లెస్ హగ్గిన్స్‌కు 1966లో నోబెల్ వచ్చిందని మా మనవడు చెప్పాడు. మందు మంచిదే, ఈ జబ్బు ఎలా ఉందో రక్తపరీక్షలో చూసే పీఎస్‌ఏ అంకె నాకు బాగా దిగింది. అంత పాత చికిత్సే అయినా, దానివల్ల ఒళ్ళు ఏమవుతుందో రోగికి చెప్పే తీరిక మాత్రం నేను వెళ్ళిన ఆసుపత్రిలో ఎవరికీ లేదు. అంకె చూడటం, మళ్ళీ రమ్మనడం, అంతే.

ధనుర్మాసం చలిలో తెల్లవారుజామున ఛాతీలోంచి మొహానికి సెగ తన్నుకొచ్చేది. బనియన్ పిండితే నీళ్ళు కారేంత చెమట, వెంటనే వణుకు. గుండెపోటేమోనని టెన్షన్ పడి ఈసీజీ తీయించాం. అసలు సంగతి మా ఆవిడే కనిపెట్టింది. "నాకు ముట్లుడిగినప్పుడు అచ్చం ఇంతే. ఫ్యాన్ వేస్తే చలేస్తోందని మీరు కట్టేసేవారు, గుర్తుందా?" అంది. నేనేం మాట్లాడతాను! ఇప్పుడు ఆమె చెప్పిందే వేదం. పలచటి నూలు చొక్కా, మంచం పక్కన చెంబెడు నీళ్ళు, తడిగుడ్డ. రాత్రి భోజనంలో ఊరగాయ లేదు, సాయంత్రం దాటితే కాఫీ లేదు. సెగ వచ్చినప్పుడల్లా క్యాలెండర్ మీద గీత పెట్టమంది. కాఫీ తాగిన రోజునే గీతలెక్కువ. మరీ భరించలేకపోతే తగ్గించే మాత్రలూ ఉన్నాయట, అడిగితేనే చెబుతారు.

కోరిక కొన్ని నెలల్లోనే పోయింది. రొమ్ములు ఉబ్బి, చొక్కా రాసుకున్నా నొప్పి. ఎవరితో చెప్పుకుంటాం? మనం నోరు మూసుకుని కూర్చుంటే, ఇంట్లో మనిషి తన మీద మనసు విరిగిందేమో అనుకుంటుంది. అందుకే మందు మొదలుపెట్టే రోజు భార్యను కూడా కూర్చోబెట్టి చెప్పాలి. ఇంజెక్షన్ ఖర్చు భరించలేనివాళ్ళకు వృషణాలు తీసేసే ఆపరేషన్ చేస్తారు. దాంట్లోనూ ఇవే ఇబ్బందులు, పైగా వెనక్కి తిరిగే దారి లేదు. సంతకం పెట్టించుకునే ముందైనా ఈ ముక్క చెప్పొద్దా?

కంటికి కనిపించనివి ఇంకా ఉన్నాయి. ఎముకలు గుల్లబారతాయి, కండ కరుగుతుంది, పొట్ట పెరుగుతుంది. నాకు షుగర్ మాత్ర డోసు పెంచాల్సి వచ్చింది. ఎముకల గట్టిదనం చూసే డెక్సా స్కాన్ గుంటూరు వెళ్ళి తీయించుకున్నాను, అదీ ఫిజియోథెరపీ చేసే అమ్మాయి చెబితే. నడక ఒక్కటే చాలదు, కండకు బరువు తగలాలి అంటుందా అమ్మాయి. నా స్కాన్లు చూసి, ఏది ఎత్తొచ్చో ఏది ఎత్తకూడదో చెప్పాకే మొదలుపెట్టించింది. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవడం, లీటరు నీళ్ళ సీసాలు ఎత్తడం, గోడను తోయడం. ఇప్పుడు బస్సు మెట్లు మధ్యలో ఆగకుండా ఎక్కుతున్నాను. జీవితమంతా బస్సులో గడిపినవాడికి అది చిన్న సంగతి కాదు.

మా పక్క వీధిలో ఒకాయన ఈ చెమటలు పడలేక డాక్టరుకు చెప్పకుండానే ఇంజెక్షన్ మానేశాడు. జబ్బు తిరగబెట్టింది. ఇదంతా మామూలేనని, తగ్గించుకునే దారులున్నాయని ముందే తెలిసుంటే మానేవాడు కాదేమో.

ఇంజెక్షన్ చీటీతో పాటు తెలుగులో ఒక్క కాగితం ఇవ్వమని ఆసుపత్రులను అడుగుతున్నాను. మీరు కూడా ఈసారి వ్యాసం వేసేటప్పుడు డాక్టరుగారితో పాటు ఫిజియోథెరపిస్టును, డైటీషియన్‌ను మాట్లాడించండి. పేరు వేయనంటే మా ఆవిడ కూడా సిద్ధమే.

— ఒక విశ్రాంత ఆర్టీసీ డ్రైవర్, తెనాలి