పెట్టె విప్పిన రోజే ఎయిర్‌సాఫ్ట్ రైఫిల్‌కి మార్కులు వేయకండి

సంపాదకుడికి,

అమెరికాలోని తెలుగు కుటుంబాల కోసం మీరిచ్చే పేజీలో, సెలవుల బహుమతుల జాబితాలో ఎయిర్‌సాఫ్ట్ రైఫిల్ కూడా కనిపించింది. అచ్చం అమెరికా సైన్యపు ఎం4 తుపాకీ లాగే ఉంటుందని, ప్లాస్టిక్ గుళ్లు పేలుస్తుందని రెండు ముక్కలు రాసి వదిలేశారు. అంత మాత్రం తెలుసుకుని కొన్నవాళ్లు వారం తిరక్కుండానే గురి లేదనీ మధ్యలో ఆగిపోతోందనీ వెనక్కి పంపేస్తుంటారు. అందులో చాలావాటికి ఏ జబ్బూ ఉండదు. ఈ వస్తువు విషయంలో తొలిచూపు రెండు రకాలుగా మోసం చేస్తుంది. కొన్నవాళ్లకి మంచిది చెడ్డదిగా, చెడ్డది మంచిదిగా కనిపిస్తుంది. దారిన పోయేవాళ్లకి బొమ్మ నిజం తుపాకీలా కనిపిస్తుంది. రెండోది ప్రాణాల మీదికి తెస్తుంది కాబట్టి ఈ ఉత్తరం కాస్త పొడుగైనా అచ్చు వేయమని కోరుతున్నాను.

తుపాకుల మీద గట్టి ఆంక్షలున్న జపాన్‌లో 1970ల్లో మొదలైన ఆట ఇది. 1991లో టోక్యో మారూయి కంపెనీ ఫ్రెంచి సైన్యపు ఫమాస్ రైఫిల్ నమూనాలో తొలి ఎలక్ట్రిక్ రైఫిల్ తెచ్చింది. ఇవాళ 150 నుంచి 250 డాలర్లకి దొరికే రైఫిళ్లలోనూ ఆ ఏర్పాటే ఉంటుంది. పిడిలో చిన్న మోటారు, దాని పైన మూడు పళ్లచక్రాలు, అవి వెనక్కి లాగే పిస్టన్, పిస్టన్ వెనక స్ప్రింగు. చక్రం పళ్లు అయిపోగానే పిస్టన్ ముందుకి దూకుతుంది. సిలిండర్‌లోని గాలి ఆ తోపుకి నలిగి, మిరియపు గింజంత 6 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ గుండుని గొట్టంలోంచి బయటికి నెడుతుంది. మందూ లేదు, మంటా లేదు. ఆ గుండునే అందరూ బీబీ అంటారు.

పెట్టె తెరవగానే అందరూ చూసేది బరువు. చేతికి బరువుగా తగిలితే గట్టిదని సంబరపడతారు. చవక రైఫిళ్లలో ఆ బరువు జింకు కలిపిన పోత లోహానిది. అది బరువే గానీ పెళుసు. కింద పడితే గొట్టం మెడ దగ్గర విరుగుతుంది. మంచి నైలాన్ కలిపిన ప్లాస్టిక్ బాడీ తేలిగ్గా ఉండి దానికంటే ఎక్కువ దెబ్బలు కాస్తుంది. కాబట్టి తూచడం మానేసి ఊపి చూడండి. ఒక చేత్తో బాడీని, ఇంకో చేత్తో బయటి గొట్టాన్ని పట్టుకుని పక్కలకి కదపండి. మెడ దగ్గర కటకటలాడితే బ్యారెల్ నట్టు వదులుగా ఉందన్నమాట, బిగిస్తే సరిపోతుంది. బిగించినా ఆడుతుంటే మరలు అరిగినట్టే. వెనక్కి పంపాల్సింది అలాంటిదాన్ని.

తర్వాత బ్యాటరీ. చాలా పెట్టెల్లో 8.4 వోల్టుల నికెల్ బ్యాటరీ, గోడకి తగిలించే చిన్న చార్జరు వస్తాయి. ఆ చార్జరుకి నిండిందని తెలుసుకునే తెలివి ఉండదు, గంటలు మనమే లెక్కపెట్టాలి. 1100 ఎంఏహెచ్ (మిల్లీ ఆంపియర్-గంటల) బ్యాటరీ, 300 మిల్లీ ఆంపియర్ల చార్జరు అయితే మొదటి అంకెని రెండోదానితో భాగిస్తే మూడున్నర గంటల పైచిలుకు, నష్టం కలుపుకుంటే దాదాపు నాలుగున్నర. రాత్రంతా వదిలేస్తే బ్యాటరీ వేడెక్కి చస్తుంది. అరగంట పెట్టి తీసేస్తే రైఫిల్ రెండు గుళ్లు వేసి మూలుగుతుంది, మోటారు పోయిందనుకుంటాం.

లిపో (లిథియం పాలిమర్) బ్యాటరీ కొనుక్కుంటే 7.4 వోల్టులదే చాలు. 11.1 పెడితే గుళ్లు జోరుగా వస్తాయి గానీ, అందుకు తయారవని గేర్‌బాక్సులో ట్రిగ్గర్ దగ్గరి రాగి కొసలు నిప్పురవ్వలకి నల్లబడతాయి, పిస్టన్ పళ్లు ఊడిపోతాయి. లిపోని ఒక్కో సెల్లూ 3 వోల్టుల కంటే కిందికి పడేదాకా వాడకూడదు. దాచేటప్పుడు సెల్లుకి 3.8 దగ్గర ఉంచాలి. ఉబ్బినదాన్ని మళ్లీ చార్జి చేయనే వద్దు. చార్జింగ్ పెట్టి నిద్రపోవద్దు. తీగల సంగతి కూడా చూసుకోండి: ముందు పిడిలోనో వెనక గొట్టంలోనో బ్యాటరీని కుక్కి మూత నొక్కినప్పుడు ఎర్ర తీగ అంచు కింద నలిగితే పైపొర తెగి షార్టవుతుంది. మూత తేలిగ్గా పడకపోతే నొక్కకండి, తీగని సర్దండి.

ఇప్పటికింకా ఒక్క గుండు కూడా వేయలేదు. వేయకూడదు కూడా. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన లోపలి గొట్టం నూనెతో, గ్రీజుతో జిడ్డుగా ఉంటుంది. పెట్టెలోనే సన్నటి ప్లాస్టిక్ పుల్ల ఇస్తారు, కొసన సూదిబెజ్జంలాంటి చీలిక ఉంటుంది. అందులో పాత బనీను గుడ్డ పీలిక దూర్చి, పుల్లకి చుట్టి, గొట్టం మూతి నుంచి మెల్లగా లోపలికి తిప్పుతూ పోనివ్వండి. గొట్టం మొదట్లో గుండుకి ఒరుసుకునే రబ్బరు బొడిపె ఉంటుంది, దాన్ని హాప్-అప్ అంటారు. దాన్ని ముందే సున్నాకి తిప్పాలి, లేకపోతే ఆ రబ్బరు చిరుగుతుంది. తొలి పీలిక బూడిద రంగులో, జిడ్డు మెరుస్తూ వస్తుంది. మూడోదో నాలుగోదో తెల్లగా వచ్చేదాకా పీలికలు మార్చండి. ఆ జిడ్డు రబ్బరు మీద ఉన్నంతసేపూ గుళ్లు ఒకటి ఎడమకి, ఒకటి కుడికి పోతాయి. కొన్నవాళ్లు గురి లేదని తిట్టుకునేది దీన్నే. శుభ్రం చేశాక కూడా రబ్బరు కుదురుకోవడానికి మూడు నాలుగు వందల గుళ్లు పడతాయి. ఇంట్లో తలుపులకి కొట్టే తుప్పు నూనెలు మాత్రం దీని దగ్గరికి రానివ్వొద్దు. పెట్రోలియం నూనె తగిలితే రబ్బరు ఉబ్బుతుంది.

గుళ్ల దగ్గర పీనాసితనం వద్దు. పెట్టెలో ఉచితంగా వచ్చే 0.12 గ్రాముల గుళ్లను పారేయండి. మంచి బీబీ 5.95 మిల్లీమీటర్లుంటుంది, తేడా నూరో వంతు మిల్లీమీటరు. లోపలి గొట్టం ఆరు చిల్లర, మామూలుగా 6.08. ఆ సందులో అతుకు గీత ఉన్న గుండో, లోపల గాలి బుడగ ఉన్న గుండో దూరితే ఇరుక్కుంటుంది, లేదా వంకర పోతుంది. గుప్పెడు గుళ్లు వెలుతురులో అరచేతిలో దొర్లించి చూడండి. నడుం చుట్టూ గీత కనిపిస్తే ఆ సంచీ వాడొద్దు. నేల మీద ఏరినవి, ఎంత కడిగినా సరే, మళ్లీ వేయొద్దు. మొదలుపెట్టడానికి 0.25 గ్రాములవి సరిగ్గా సరిపోతాయి.

ఇక ఈ రైఫిల్ ప్రాణమంతా ఉన్న చోటు హాప్-అప్. ఆ రబ్బరు బొడిపె గొట్టంలోకి పైనుంచి దిగి ఉంటుంది. గుండు దాన్ని ఒరుసుకుంటూ పోయేసరికి దానికి వెనక్కి తిరిగే గింగిర పడుతుంది, టేబుల్ టెన్నిస్‌లో బంతిని కింద కోసినట్టు. ఆ గింగిరకి గాలి గుండుని పైకి ఎత్తిపట్టుకుంటుంది. హాప్ లేకుండా కొడితే 15-20 మీటర్లకే గుండు దిగిపోతుంది, సరిగ్గా కుదిరితే 40 మీటర్లు తీగ లాగినట్టు పోతుంది. కుదర్చడం ఇలా. ఎం4 రకంలో వెనక పైభాగాన ఉన్న చార్జింగ్ హ్యాండిల్ లాగితే పక్క కిటికీ తెరుచుకుని చిన్న చక్రం కనిపిస్తుంది. సున్నా నుంచి మొదలుపెట్టి, సింగిల్‌లో (నొక్కుకి ఒక్క గుండు వేసే పద్ధతిలో) ఐదు గుళ్లు వేయండి. ఒక్క గీత తిప్పండి, మళ్లీ ఐదు. గుండు దారి చదునుగా సాగి చివర్లో మాత్రమే దిగాలి. మధ్యలో పతంగిలా పైకి లేస్తే ఎక్కువైంది, ఒక గీత వెనక్కి. గుళ్ల బరువు మార్చిన ప్రతిసారీ ఇదంతా మొదటికొస్తుంది. గొట్టం శుభ్రంగా ఉండీ అన్నీ ఒకే పక్కకి వంగుతుంటే రబ్బరు మెలిపడి ఉంటుంది. దాన్ని తీసి సరిచేయాలి.

పెట్టె మీది వేగం అంకెని నమ్మకండి. కొందరు 0.12 గుళ్లతో కొలిచి 450 అడుగులని పెద్ద అక్షరాల్లో వేస్తారు. అదే రైఫిల్ 0.20 గుండుతో సెకనుకి 350 అడుగులే, అంటే 1.14 జౌళ్లు. 0.25తో అయితే 313కి తగ్గుతుంది. శక్తి ఒకటే, అంకెలు వేరు. ఇండోర్ ఆట స్థలాల్లో 0.20తో 350 దగ్గర, బయట ఆడేచోట 400 దగ్గర హద్దు పెట్టడం మామూలు. లోపలికి వెళ్లేముందు వాళ్లే కొలుస్తారు. ఒక గుండుకీ ఇంకో గుండుకీ 30, 40 అడుగుల తేడా వస్తుంటే ఎక్కడో గాలి కారుతోందని అర్థం. పిస్టన్ తల చుట్టూ ఉన్న రబ్బరు రింగునీ, గుండుని గొట్టంలోకి తోసే నాజిల్‌నీ చూడాలి.

సింగిల్‌లో కొడుతుండగా ట్రిగ్గర్ నొక్కినా ఉలుకూ పలుకూ లేకుండా ఆగిపోవడం కొత్తవాళ్లని బాగా భయపెడుతుంది. గేరు సగం తిరిగి స్ప్రింగు బరువుకి నిలబడిపోతే అలా అవుతుంది. సింగిల్, ఆటో మార్చే సెలెక్టర్ మీటని ఆటోకి (వరసగా పేలే పద్ధతికి) తిప్పి ఒక్కసారి నొక్కితే విడిపోతుంది. మళ్లీ మళ్లీ జరుగుతుంటే బ్యాటరీ నీరసించింది. మోటారు కీచుమంటుంటే పిడి అడుగున ఉన్న మరను పావు చుట్టు అటో ఇటో తిప్పి, శబ్దం నెమ్మదించిన చోట ఆపండి.

ఇంతకంటే ముఖ్యమైనది ఇంకొకటుంది. గుళ్లు నింపే మ్యాగజైన్ తీసేశాక రైఫిల్ ఖాళీ అయిందనుకోవద్దు. హాప్ దగ్గర ఒకటి రెండు గుళ్లు నిలిచిపోతాయి. ఇంట్లో దెబ్బ తగలడానికి ఈ మిగిలిన గుండు చాలు. మ్యాగజైన్ తీయాలి, మూతిని నేలకేసి సింగిల్‌లో రెండు మూడుసార్లు నొక్కాలి, సేఫ్‌లో పెట్టాలి, బ్యాటరీ తీగ విప్పాలి. ఈ వరస మారకూడదు. ఆఖరున సింగిల్‌లో నొక్కడం వల్ల స్ప్రింగు కూడా వదులుగా పడుకుంటుంది.

కళ్లకి పెట్టెలో వచ్చే పల్చటి అద్దాలు పనికిరావు. ఒక్క జౌలు గుండు కంటిగుడ్డుని పాడు చేయడానికి చాలు. అద్దం మీద జడ్87+ అని, గట్టి దెబ్బకి తట్టుకుంటుందని చెప్పే ముద్ర ఉండాలి, పక్కల సందు లేకుండా ముఖానికి అంటుకోవాలి. జల్లెడ గోగుల్స్‌కి ఆవిరి పట్టదు నిజమే, కానీ పగిలిన గుండు ముక్కలు ఆ కన్నాల్లోంచి లోపలికి వస్తాయి. పిల్లలకైతే నోరూ పళ్లూ కప్పే పూర్తి ముసుగే కొనండి. పెరట్లో డబ్బాకి గురిపెడుతున్నా సరే, పక్కన నిలబడి చూసేవాళ్లకి కూడా పెట్టించండి. గట్టి తగరపు డబ్బాకి తగిలిన గుండు జోరుగానే తిరిగొస్తుంది. అట్టపెట్టె వెనక పాత దుప్పటి వేలాడదీయండి.

ఇక దారిన పోయేవాళ్ల తొలిచూపు సంగతి. మూతి దగ్గర కనీసం 6 మిల్లీమీటర్ల నారింజ రంగు ఉండాలని అమెరికా కేంద్ర నిబంధన. 1988 నాటి చట్టం మీద వచ్చింది. దాన్ని తీసేసి నల్లరంగు కొడితే అసలుదానిలా ఉంటుందని పిల్లలు సరదాపడతారు. 2013 అక్టోబరులో కాలిఫోర్నియాలోని శాంటా రోసాలో ఏకే నమూనా ఎయిర్‌సాఫ్ట్ పట్టుకుని నడుస్తున్న 13 ఏళ్ల అబ్బాయిని షెరిఫ్ డెప్యూటీ కాల్చి చంపాడు. దాని మూతికి నారింజ రంగు లేదు. మరుసటి ఏడాది నవంబరులో క్లీవ్‌లాండ్ పార్కులో పన్నెండేళ్ల పిల్లవాడి చేతిలో ఉన్నదీ నారింజ మూతి లేని ఎయిర్‌సాఫ్ట్ పిస్తోలే. పోలీసు కారు వచ్చిన రెండు సెకన్లలోపే ఆ పిల్లవాణ్ణి పోలీసు కాల్చాడు. 2016 జనవరి నుంచి కాలిఫోర్నియాలో ట్రిగ్గర్ చుట్టూ కూడా మెరిసే రంగు ఉండాలి. నారింజ రంగు ఉంటే ప్రమాదం లేదనీ అనుకోవద్దు. చీకట్లో, యాభై గజాల దూరం నుంచి ఆ రంగు ఎవరికీ కనిపించదు.

కాబట్టి ఇంటి గుమ్మం నుంచి ఆట స్థలం దాకా ఇది జిప్పు వేసిన సంచీలోనే ఉండాలి. కారు వెనక సీటు మీద పడేయకూడదు, అపార్ట్‌మెంట్ బాల్కనీలో గురి చూడకూడదు, బడికి తీసుకెళ్లకూడదు. ఇన్‌స్టాగ్రామ్ ఫొటో కోసం వీధిలో నిలబడకూడదు. పెరట్లో వాడాలంటే ముందు మీ నగర నిబంధన చూసుకోండి. గాలి తుపాకులు పేల్చడాన్ని చాలా ఊళ్లు నిషేధించాయి. పోలీసులు ఎదురైతే దాన్ని చూపిస్తూ బొమ్మేనని చెప్పబోవద్దు. చేతిలోంచి నేల మీదికి వదిలేసి, ఖాళీ చేతులు కనిపించేలా కదలకుండా నిలబడాలి. ఈ ఒక్కటీ పిల్లలతో ఇంట్లో నాలుగుసార్లు చేయించండి. సెలవులకి విజయవాడకో హైదరాబాదుకో వచ్చేటప్పుడు తమ్ముళ్లకి చూపిద్దామని సూట్‌కేసులో పెట్టకండి. అక్కడ విమానాశ్రయంలో దాన్ని చూసేవాళ్లకి కూడా కలిగేది ఆ తొలిచూపే.

వచ్చేసారి ఆ జాబితా వేసినప్పుడు రైఫిల్ ధర ఒక్కటే వేయకండి. పూర్తి ముసుగు, జిప్పు సంచీ, మంచి చార్జరు, 0.25 గుళ్లు కలిపి ఇంకో వంద డాలర్లవుతుందని దాని పక్కనే వేయండి. వంద లేకపోతే రైఫిల్ కొనడం వాయిదా వేసుకోమనండి.

ఇట్లు
ఒక పాఠకుడు
డల్లాస్, టెక్సస్