యాంటెన్నా రాలేదు, మీ నుంచి జవాబూ రాలేదు

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

విషయం: బ్యూఫైటర్ (రెండో ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ యుద్ధ విమానం) మోడల్ కిట్‌లో రాడార్ యాంటెన్నాలు లేకపోవడం, ఎన్నిసార్లు అడిగినా మీరు పట్టించుకోకపోవడం.

అయ్యా,

పెట్టెలో ఓ ముక్క తక్కువైతే నేనింత ఉత్తరం రాసేవాణ్ణి కాదు. ఫోన్ చేస్తే ఒకమ్మాయి వీడియో పంపమంది, పంపాను. తర్వాత ఇంకొకాయన కథంతా మళ్లీ మొదటి నుంచి చెప్పించుకుని, పెట్టె విప్పేటప్పుడు తీసిన వీడియోనే కావాలన్నారు. విప్పకముందే లోపల ఏది లేదో నాకెలా తెలుస్తుంది? వాట్సాప్‌లో అడిగితే ఈమెయిల్ చేయమన్నారు. ఈమెయిల్ చేస్తే యాప్‌లో టికెట్ పెట్టమన్నారు. పెట్టిన మర్నాడే ‘మీ సమస్య పరిష్కరించబడింది’ అని మెసేజ్! ఎవరు పరిష్కరించారు? సూపర్‌వైజర్‌కి కలపమంటే కాసేపు పాట వినిపించి లైన్ కట్ చేశారు.

అన్నిటికన్నా మనసు కష్టపెట్టింది మీ ఉద్యోగి అన్న మాట: ‘అది డెకరేషన్ పార్టే కదా సర్, లేకపోయినా విమానం బాగానే ఉంటుంది.’

డెకరేషన్ కాదండీ. 1940లో లండన్ మీద రాత్రిళ్లు బాంబులు పడుతుంటే, చీకట్లో శత్రు విమానం కంటికి ఆనక బ్రిటిష్ పైలట్లు వట్టి చేతులతో దిగేవారు. బ్యూఫైటర్ ముక్కు మీద బాణం మొనలా ఉండే ఆ యాంటెన్నా ఒకటిన్నర మీటర్ల రేడియో తరంగాలు పంపేది. శత్రు విమానానికి తగిలి తిరిగొచ్చిన వాటిని రెక్కల మీది యాంటెన్నాలు అందుకునేవి. వెనక గాజు గుమ్మటం కింద ఆపరేటర్ రెండు చిన్న తెరలు చూస్తూ దారి చెబుతుంటే పైలట్ అటు తిప్పేవాడు. ఆ నవంబరులో బ్రిటిష్ పైలట్ కన్నింగ్‌హామ్ అలాగే యుంకర్స్ 88 అనే జర్మన్ బాంబర్‌ను కూల్చాడు. ఈ రాడార్ గుట్టు దాచడానికే ఆయన క్యారెట్లు బాగా తింటాడని, అందుకే చీకట్లోనూ కళ్లు కనిపిస్తాయని ప్రచారం చేశారు. మన కలకత్తాను కాచిందీ ఈ విమానమే. 1943 జనవరి 15 రాత్రి ప్రింగ్ అనే బ్రిటిష్ పైలట్ నడిపిన బ్యూఫైటర్ మూడు జపాన్ బాంబర్లను కూల్చింది.

మా బడి సైన్స్ ఫెయిర్‌లో రాడార్ గురించి పిల్లలకు చూపిద్దామని కొన్నాను. యాంటెన్నా లేని విమానంతో ఏం చూపించను? ఫెయిర్ అయిపోయింది కూడా. మీ షాపు చిన్న గదిలో ఉన్నప్పటి నుంచీ మీ దగ్గరే కొంటున్నాను, స్టాఫ్‌రూమ్‌లో ఎందరిచేతో కొనిపించాను. దానికి మీరిచ్చిన మర్యాద ఇది.

ముక్క పంపుతారో, డబ్బు తిరిగిస్తారో మీ ఇష్టం. ముందు ఒక మనిషి తన పేరు చెప్పి నాతో మాట్లాడాలి. సోమవారంలోగా ఫోన్ రాకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేస్తాను, జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసూ వేస్తాను. ‘పరిష్కరించబడింది’ అన్న మీ మెసేజ్‌నే సాక్ష్యంగా జతచేస్తాను.

ఇట్లు,
మీ పాత కస్టమర్,
స్కూల్ అసిస్టెంట్, ఫిజికల్ సైన్స్