పందెం ఎవరు గెలిచారో తేలిపోయిందిరా

కవాసాకి
ఆదివారం రాత్రి

ఒరేయ్ మావా,

మూడు నెలల తర్వాత రాస్తున్నాను, తిట్టుకో. నువ్వు రాసిన నాలుగు పేజీలూ బ్యాగులోనే పెట్టుకు తిరుగుతున్నా, మడతల దగ్గర చిరుగు కూడా పట్టింది. ఫోన్లో రెండు ముక్కలు కొట్టి పంపేద్దామని చాలాసార్లు అనిపించింది. కానీ ఇది ఫోన్లో చెప్పేది కాదురా. కాగితం మీదే రాయాలి, నువ్వు మీ మేడ మీద ఆ విరిగిన కుర్చీలో కూర్చుని చదవాలి.

ఇక్కడ అందరం బాగున్నాం. ఉద్యోగం నడుస్తోంది. అమ్మ ఫోన్ చేసింది, నాన్నకి బీపీ అదుపులోనే ఉందంట. పాప అన్నప్రాశన ఫొటోలు చూశాం, పుస్తకం మీద చెయ్యేసిందంట గదా, మీ నాన్నగారి ఆనందం ఫొటోలోనే తెలిసిపోతోంది. ఆవకాయ అయిపోయింది, ఎవరైనా వస్తుంటే పంపించు. అయిపోయాయి కబుర్లు.

కాయిన్ లాండ్రీలో కూర్చుని రాస్తున్నా. వానలు మొదలయ్యాయి, బాల్కనీలో వేస్తే బట్టలు మూడు రోజులైనా ఆరవు. ఇక్కడ డ్రయ్యర్లో వంద యెన్ల బిళ్ల వేస్తే పది నిమిషాలు తిరుగుతుంది. నా దగ్గర నాలుగు బిళ్లలున్నాయి. ఆ నాలుగూ అయ్యేలోపు చెప్పేయాలి.

స్లామ్ డంక్ అయిపోయిందిరా, మనం పిచ్చిగా చూసిన ఆ జపాన్ బాస్కెట్‌బాల్ బొమ్మల కథ! 31వ పుస్తకం మొన్న శుక్రవారం రాత్రి అయిపోయింది.

ఆగు, ఉత్తరం మడిచేయకు. ఒట్టు నాకూ గుర్తుంది. దాని ముగింపు ఇంటర్నెట్లో చూడకూడదు, ఎవరినీ అడగకూడదు, ఎప్పటికైనా పుస్తకం చేతిలో పట్టుకుని చదివే తెలుసుకోవాలి అన్నాం. 2022 డిసెంబరులో ఇక్కడ ఆ సినిమా వస్తే ఊరంతా ఎగబడి చూశారు. నువ్వు అక్కడ చూడలేదు, నేను ఇక్కడ చూడలేదు. ఆ మాటకి అంత విలువ ఇచ్చాం. అందుకే నేనూ పుస్తకంలోనే చదివాను. నీకు ఇప్పుడే వద్దనుకుంటే ఇక్కడ ఆపేసి, ఉత్తరం దాచుకో. నాకు మాత్రం చెప్పకుండా ఉండడం నా వల్ల కాదు.

చదువుతున్నావు గదా? నాకు తెలుసు.

ఆ రాత్రి గుర్తుందా, 101వ ఎపిసోడ్ అయిపోగానే 102 ఏదని సీనియర్ గది తలుపు బాదాం. సకురాగి వాళ్ల షోహోకు స్కూలు జట్టు జాతీయ పోటీలకి బయల్దేరింది, అంతే, తెర నల్లబడిపోయింది. హార్డ్ డిస్కులో ఎక్కలేదేమో అనుకున్నాం. అసలు సంగతేంటంటే ఆ టీవీ సీరియల్ 1996 మార్చిలో ఆపేశారు. కథ షోనెన్ జంప్ పత్రికలో వారం వారం అప్పటికింకా వస్తూనే ఉంది, ఆ జూన్లో ముగిసింది. అంటే మనం బెంగపడిన మ్యాచ్‌లన్నీ పుస్తకంలోనే ఉండిపోయాయి. వాళ్లు గెలుస్తారని నేను, ఓడిపోతారని నువ్వు, సుబ్బయ్య హోటల్లో బుట్ట భోజనం పందెం. ఇన్నేళ్లు ఆ బుట్ట అలా వేలాడుతూనే ఉంది.

ఇక్కడికొచ్చాక పాత పుస్తకాల కొట్లో ఒక్కొక్కటీ కొనడం మొదలుపెట్టాను. పిల్లల కోసం వేసిన పుస్తకాలు కాబట్టి ప్రతి కాంజీ అక్షరం పక్కనా దాన్ని ఎలా పలకాలో చిన్న అక్షరాల్లో ఉంటుంది. నాలాంటి వాడికి అదే ఆధారం. ముందు పేజీకి పది నిమిషాలు పట్టేది. పదో పుస్తకానికి సకురాగి గొంతు చెవిలో వినిపించడం మొదలైంది, అచ్చం మనం విన్న గొంతే. ఈ కథ గీసిన ఇనోవె తకెహికో తను కూడా హైస్కూల్లో బాస్కెట్‌బాల్ ఆడినవాడే. 1990లో ఇది మొదలుపెట్టేటప్పుడు బాస్కెట్‌బాల్ బొమ్మల కథకి అచ్చిరాదని చెప్పారంట ఆయనకి!

సరే, మ్యాచ్. హిరోషిమాలో జాతీయ పోటీలు. మొదటి రౌండు గెలిచారు. రెండో రౌండులోనే ఎవరు తగిలారనుకున్నావు? అకితా నుంచి వచ్చిన సన్నో. అంతకుముందు ఏడాది చాంపియన్లు. అకితాలో నిజంగానే నోషిరో టెక్నికల్ అని ఒక స్కూలుండేది, జాతీయ టైటిళ్లు 58 గెలిచింది. దాన్ని చూసే రాశారంట. ఆ పేరు రాయడానికి రెండు అక్షరాలు, కొండ, రాజు. కలిపి చదివితే సన్నో. మన సకురాగికి అంత చదువేదీ, విడివిడిగా చదివి వాళ్లని చివరిదాకా "యామావో" అనే పిలుస్తాడు. నాకూ మొదటిసారి అలాగే చదవబుద్ధయింది. చూడు, చిన్న అక్షరాలు లేకపోతే నేనూ సకురాగినే.

ఈ ఒక్క మ్యాచే దాదాపు ఆరు పుస్తకాలు. నలభై నిమిషాల ఆట! మొదటి సగం మనవాళ్లే రెండు పాయింట్లు పైన. ఊపిరి పీల్చుకున్నా. రెండో సగం మొదలవగానే సన్నో కోర్టంతా కమ్మేసి బంతి దాటనివ్వలేదు. పాయింట్లు రావు, రావు, రావు. 20 దాటిపోయింది తేడా. రైల్లో చదువుతున్నా అప్పుడు, నేను దిగాల్సిన స్టేషను దాటిపోయింది.

అప్పుడు మనవాళ్ల కోచ్ అన్‌జై సార్ సకురాగిని బెంచీ మీద కూర్చోబెట్టి ఒక లెక్క చెప్తాడు. మనవాడి షాట్ పోతే బంతి వాళ్లకి, వాళ్లకి రెండు పాయింట్లు. అదే బంతిని రింగు కింద నువ్వు పట్టేస్తే వాళ్ల రెండూ పోయాయి, మనకి రెండొచ్చాయి. అంటే నీ ఒక్క రిబౌండు నాలుగు పాయింట్లు. ఈ లెక్క మన పీఈటీ సార్ ఎందుకు చెప్పలేదురా మనకి? నాలుగేళ్లు రింగు కింద నిలబడ్డాను, నేను చేసే పని ఇంత విలువైందని ఎవరూ అనలేదు. పుస్తకం మూసి కాసేపు అలా కూర్చున్నాను.

బిళ్ల వేసొచ్చా. రెండోది.

ముల్లంగి సంగతి చెప్పాలి. ఇది వింటే నువ్వు కుర్చీలోంచి లేస్తావు. ఉవోజుమి గుర్తున్నాడా, ర్యోనాన్ స్కూలు కెప్టెన్, ఆ కొండంత మనిషి? వంటవాడి బట్టల్లో వస్తాడు మ్యాచ్‌కి. మన కెప్టెన్ అకాగి సన్నో వాళ్ల కవాత ముందు చేతులెత్తేసి కుంగిపోయి ఉంటాడు. ఈయన కోర్టు అంచున కూర్చుని కత్తి తీసి, ముల్లంగిని గుండ్రంగా తిప్పుతూ కాగితంలా పొర తీస్తుంటాడు! అందరూ నిశ్శబ్దం. అంటాడూ, కవాత 'తాయి' చేప, పెళ్లిళ్లలో వడ్డించే మేలిరకం. నువ్వు 'కరెయి' చేపవి, అడుగున ఇసకలో పడుండేది. బురద పూసుకో అని. జపనీసులో కరెయి అంటే సొగసు అని కూడా అర్థం, రాసే అక్షరాలు వేరంతే. సొగసైన ఆట నీది కాదురా, బురదలో ఆడు అని ఒక్క మాటలో రెండూ చెప్పాడు. వంజరానికీ మట్టగిడసకీ తేడా తెలిసిన కాకినాడ వాళ్లం, మనకి చెప్పాలా? అకాగి లేచాడు చూడు ఆ తర్వాత. తను షాట్ వేయడం కాదు, వేయించేవాడయ్యాడు. తన పాయింట్లు పక్కనపెట్టి మిత్సుయి షాటు కోసం గోడలా నిలబడ్డాడు.

మిత్సుయికి చేతులు లేవడం లేదు. అయినా వేస్తున్నాడు, పడుతున్నాయి. నీకు వాడంటే ప్రాణం గదా, ఆ పేజీలన్నీ నీ కోసం ఫొటో తీశాను, విడిగా పంపిస్తా.

ఇప్పుడొచ్చేది రాయడం కష్టం.

బయటికి పోయే బంతి కోసం సకురాగి దూకేశాడు. విలేకరుల బల్లల మీద పడ్డాడు. బంతి దక్కింది. వీపు పోయింది. లేచి ఆడాడు, కానీ నడుము పట్టేస్తోంది, దించేయాలి. అన్‌జై సార్ ముందే కనిపెట్టాడు, కనిపెట్టి కూడా దించలేకపోయాను, నీ ఆట ఇంకా చూడాలనిపించింది, అది నా తప్పు అంటాడు. దానికి సకురాగి అడుగుతాడు, తాతా, నువ్వు వెలిగిన రోజులెప్పుడు, జపాన్ జట్టులో ఆడినప్పుడా? నావి ఇవేనని.

మావా, నీ మోకాలు గుర్తొచ్చింది. గుర్తొచ్చిందని ఎందుకు రాస్తున్నానో... ఆ రోజు రాజమండ్రిలో కట్టు కట్టించుకుని మళ్లీ దిగావు. అందరూ నిన్ను తిట్టారు, నేనూ తిట్టాను. పదిహేనేళ్లపైన అయింది. అప్పుడు నువ్వేమీ అనలేదు. ఇప్పుడు సకురాగి చెప్తే అర్థమైంది. తిట్టినందుకు... సర్లే, నీకు తెలుసు.

మూడోది వేశా.

అదే మ్యాచ్‌లో, వీపు పోయాక, వాడు తను మనసుపడ్డ హరుకో దగ్గరికెళ్లి భుజాలు పట్టుకుని, చాలా ఇష్టం, ఈసారి అబద్ధం కాదు అంటాడు. మొదటి ఎపిసోడ్లో హరుకో బాస్కెట్‌బాల్ ఇష్టమా అని అడిగితే ఆ పిల్ల కోసం అబద్ధం ఆడాడు గదా, చాలా ఇష్టం అని! ఇదీ అదే మాట. జపనీసులో ఏది ఇష్టమో చెప్పనక్కర్లేదు, ఎవరిష్టమో చెప్పనక్కర్లేదు. మన తెలుగులోనూ అంతే, "చాలా ఇష్టమండీ" అంటే సరిపోతుంది. ఆటో, ఆ పిల్లో, రెండూనో. చదవగానే మనసులో తెలుగులోనే వినబడింది నాకు. ఇంకే భాషలో చదివినా ఏదో ఒకటి తగిలించాల్సి వచ్చేదేమో.

ఇక చివరి సెకన్లు. పది సెకన్లు కూడా లేవు. సవాకిత షాట్ పడింది, సన్నో 78, మనం 77. అకాగి బంతి విసిరాడు, మన జట్టులోనే ఉండి సకురాగికి పడని రుకావా పరిగెత్తాడు. ఇక్కడి నుంచి మాటల్లేవురా. మాటల బుడగలు లేవు, బంతి చప్పుడు లేదు, జనం కేకలు లేవు. ఆరు పుస్తకాల హోరు ఒక్కసారిగా ఆగిపోయింది. పేజీ తిప్పితే బొమ్మ, మళ్లీ తిప్పితే బొమ్మ. నా వంటింట్లో ఫ్రిజ్ మోత వినిపిస్తోంది. రుకావా ఎగిరాడు, ఇద్దరు అడ్డొచ్చారు. అవతల ఒక్కడే నిలబడున్నాడు సకురాగి, చేతులు సిద్ధంగా పెట్టుకుని. వాడొక్కడే గొణుగుతాడు, ఎడమచెయ్యి ఊరికే ఆన్చాలంతే అని. 20,000 షాట్లు వేసి నేర్చుకున్న పాఠం.

రుకావా పాస్ ఇచ్చాడు. జన్మలో సకురాగికి పాస్ ఇవ్వనివాడు, ఇచ్చాడు.

79-78.

తర్వాత ఇద్దరూ ఒకళ్లకేసి ఒకళ్లు నడుచుకుంటూ వస్తారు. పేజీ తిప్పితే రెండు పేజీల నిండా ఒకే బొమ్మ, ఇద్దరి అరచేతులూ కలిసిన క్షణం. ఎన్నేళ్లుగానో చూడాలనుకున్న బొమ్మ. చెమట ఎగిరిపడుతోంది. నేను లేచి నిలబడిపోయాను, రాత్రి రెండింటికి. అరవలేను, గోడలు పల్చన, పక్కింటి పెద్దాయన లేస్తాడు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏడ్చేశాను. వెంటనే ఆ ఇద్దరికీ స్పృహ వచ్చి చెరో వైపు మొహం తిప్పేసుకుంటారు, అదీ వాళ్లు!

రాజమండ్రిలో చివర్న నువ్వు నాకు పాసిచ్చావు. నాది రింగుకి తగిలి బయటపడింది. నువ్వు కుంటుకుంటూ వచ్చి నా అరచేతి మీద గట్టిగా ఒకటిచ్చావు, పడినవాడికి ఇచ్చినట్టే. బస్సులో కూడా దాని గురించి మాట్లాడలేదు. ఆ మంట ఇప్పటికీ చేతిలో ఉంది మావా. ఆ రెండు పేజీల బొమ్మ చూస్తుంటే నాకు కనబడింది అదే.

నాలుగో బిళ్ల. ఇదే ఆఖరు.

గెలిచారు, బుట్ట నాది అనుకుంటున్నావా? విను. పేజీ తిప్పాను. అందరూ కలిసి దిగిన ఫొటో ఉంటుంది. ఆ ఫొటో పత్రిక ముఖచిత్రంగా రాలేదని రాశాడు. ఎందుకంటే ఉన్నదంతా సన్నో మీద ఖర్చుపెట్టేసి, తర్వాతి రౌండులో ఐవా గకుయిన్ చేతిలో చిత్తుగా ఓడిపోయారంట. అంతే, ఒక్క వాక్యం! ఆ మ్యాచ్ బొమ్మ ఒక్కటి కూడా లేదు. ఆరు పుస్తకాలు గెలుపుకి, ఒక్క వాక్యం ఓటమికి. కాబట్టి గెలిచారు, ఓడిపోయారు. నువ్వూ గెలిచావు, నేనూ గెలిచాను. బుట్ట ఎవరు కొనాలో నువ్వే తేల్చు.

ఆఖర్న సముద్రం ఒడ్డున కూర్చుని ఉంటాడు సకురాగి, వీపుకి వైద్యం జరుగుతోంది. హరుకో రాసిన ఉత్తరం చదువుతుంటాడు. అకాగి వాళ్లు తప్పుకున్నారు, మియాగి కెప్టెన్ అయ్యాడు, ఇలాంటి కబుర్లన్నీ ఉంటాయందులో. ఆ పేజీ చూసే నీకు కాగితం మీద రాయాలనిపించింది. వాడు తిరిగి ఆడతాడా అంటే, తనకేం, మేధావిని గదా అంటాడు. నాకు చాలు ఆ మాట.

మరిచిపోయా, నిన్న ఆ సినిమా కూడా చూసేశాను! ఇనోవెయే డైరెక్టర్. అదే సన్నో మ్యాచ్, కానీ మియాగి వైపు నుంచి. ఒకినావా, వాడి చిన్నతనం, వాళ్ల అన్నయ్య... ఇది చెప్పను, నువ్వు చూడాలి. పొట్టివాడు, ఏడో నంబరు చొక్కా, పొడుగాళ్ల మధ్యలోంచి బంతి తీసుకెళ్లేవాడు. ఏడో నంబరు! నీ చొక్కా ఇంకా ఉందా? అమ్మగారు దుమ్ము తుడిచే గుడ్డ చేసేశారన్నావు, అది నిజమా లేక

డ్రయ్యరు ఆగిపోయింది, బయట ఒకావిడ తడి బట్టల బుట్టతో నిలబడి ఎదురుచూస్తోంది. దుప్పటి ఇంకా తడిగానే ఉంది, బిళ్లల్లేవు. 25 నుంచి 31 దాకా ఏడు పుస్తకాలూ రేపు నీ పేరు మీద పోస్టు చేస్తున్నా, కుడి నుంచి ఎడమకి తిప్పు. చదవడం రాకపోయినా చివరి పుస్తకం మాత్రం

ఉంటా,
నీ పదో నంబరు